సీసాలో నిమ్మ ఎంత? సినిమా ఎంత?

హాలీవుడ్ పాత చిత్రాలు చూసే అలవాటున్న వాళ్ళకి 'ది ఆఫ్రికన్ క్వీన్' (1951) గుర్తుండే ఉంటుంది. అందులో హంఫ్రీ బోగార్ట్ డొక్కు పడవ నడిపే తాగుబోతు. పడవలో సరుకు సంగతి ఎలా ఉన్నా జిన్ సీసాలకు మాత్రం లోటు లేదు. కథానాయిక కాథరిన్ హెప్‌బర్న్ ఒక ఉదయం ఆ సీసాల మూతలు ఒక్కొక్కటే తీసి, నిదానంగా నదిలో పారబోస్తుంది. హీరోగారు చూస్తూ ఉండిపోతాడు. ఆ పాత్రకే ఆయనకు ఆస్కార్ వచ్చింది.

రెండేళ్ళు తిరక్కుండానే అదే బోగార్ట్, అదే దర్శకుడు జాన్ హ్యూస్టన్ మరో సినిమాకి చేతులు కలిపారు. దాని పేరు 'బీట్ ది డెవిల్' (1953). ఈసారి లొకేషన్ ఆఫ్రికా అడవి కాదు, ఇటలీ దేశంలో అమాల్ఫీ తీరాన కొండ మీదున్న రవెల్లో అనే ఊరు. ఈ కొండల మీది నిమ్మకాయల పేరు చెప్పుకుని ఇవాళ ఒక జిన్ ప్రపంచమంతా అమ్ముడవుతోంది. దాని పేరు 'మాల్ఫీ'. అందులో నిమ్మ రకానికి 'కాన్ లిమోనె' అని పేరు. 'నిమ్మకాయతో' అని అర్థం, అంతే!

ఆ సీసాలో నిజంగా ఆ తీరం ఎంత ఉంది, బొమ్మ ఎంత ఉంది? ఇది తేల్చుకుందామనే నేను అమాల్ఫీ వెళ్ళాను. సీసా నా డబ్బుతోనే కొన్నాను. బస్సు టిక్కెట్టూ నాదే. కాబట్టి ఎవరినీ మెప్పించాల్సిన పని నాకు లేదు.

బస్సు కిటికీలోంచి సినిమాస్కోప్

సలెర్నో పట్నం నుంచి అమాల్ఫీకి బస్సుంది. 163 నంబరు రోడ్డు. ఒక పక్క కొండ, ఇంకో పక్క కిందెక్కడో సముద్రం. రోడ్డు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఇంకో బస్సు వస్తే రెండింట్లో ఒకటి వెనక్కి పోవలసిందే. మలుపు మలుపుకీ డ్రైవరు హారన్ కొడతాడు. మన శ్రీశైలం ఘాటు రోడ్డులో ప్రయాణం చేసిన వాళ్ళకి గుండె నిబ్బరం ఉంటుంది గాని, కింద అడవికి బదులు నీలి సముద్రం కనిపిస్తుంటే ఆ భయమే వేరు!

ఈ తీరాన్ని 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. సినిమావాళ్ళు అంతకు చాలా ముందే గుర్తించారు లెండి. 1948లో రాబర్టో రొసెల్లినీ తన 'ఇల్ మిరాకొలో'ను అన్నా మన్యానీతో ఇక్కడి కొండల్లోనే తీశాడు. అందులో మాట్లాడకుండా నడిచే ఆ బాటసారి ఎవరనుకున్నారు? తర్వాత మహా దర్శకుడైన ఫెడరికో ఫెల్లినీ! ఇటీవలి వాటికి వస్తే నోలన్ 'టెనెట్' (2020)లో కొంత భాగం, డెంజెల్ వాషింగ్టన్ 'ఈక్వలైజర్ 3' (2023), నలుపు తెలుపుల్లో వచ్చిన 'రిప్లీ' (2024) సీరియల్ – ఇవన్నీ ఈ తీరాన తీసినవే. 'రాధేశ్యామ్' (2022) చూసి ఇటలీ మీద మనసు పారేసుకున్న మన కుర్రకారుకి ఇది అసలు సిసలు ఇటలీ అని మనవి.

'రిప్లీ'లో హీరో ఎక్కలేక ఎక్కలేక ఎక్కే మెట్లున్నాయే, అవి అట్రానీ అనే ఊరివి. విస్తీర్ణంలో ఇటలీ మొత్తానికీ అతి చిన్న మునిసిపాలిటీ అది. ఊరంతా కలిపినా మన దగ్గర ఓ పెద్ద కాలేజీ ఆవరణకి సరిపోతుందేమో!

కదురు లాంటి కాయ

బస్సులోంచి చూస్తే కొండలు పచ్చటి మెట్లలా ఉంటాయి. అవి నిమ్మతోటలు. కొండ వాలును మెట్లుగా తొలిచి, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టి, వెనక మట్టి నింపి చెట్లు పెట్టారు. ఒకటి రెండు కాదు, నీటి మట్టం దగ్గర్నుంచి మబ్బుల దాకా వందలకొద్దీ గోడలు. చెట్ల మీద చెస్ట్‌నట్ కర్రలతో పందిరి. చలికాలం ఆ పందిరి మీద కొమ్మలో, నల్లటి వలలో కప్పుతారు. మన వైపు తమలపాకు తోటకి కట్టే పందిరి చూశారా? అంత శ్రద్ధ!

ఇక్కడి నిమ్మ రకాన్ని 'స్ఫుసాతో' అంటారు. ఇటలీ భాషలో 'ఫుసో' అంటే కదురు. నూలు వడికే కదురులా రెండు కొసలా సన్నగా ఉంటుందని ఆ పేరు. మన గూడూరు మార్కెట్లో రాశులు పోసే గుండ్రటి చిన్న నిమ్మకాయ వేరు, ఇది వేరు. పరిమాణంలో చూస్తే మన దబ్బకాయకు తమ్ముడనవచ్చు. అమాల్ఫీ నిమ్మ అన్న ముద్ర పడాలంటే ఒక్కో కాయ కనీసం 100 గ్రాములు తూగాలి. 2001 నుంచి యూరపు చట్టం ప్రకారం ఈ పేరుకు రక్షణ ఉంది. మన బనగానపల్లె మామిడికి, తిరుపతి లడ్డుకి ఉన్న గుర్తింపు లాంటిదే.

మినోరి అనే ఊళ్ళో బస చేశాను. అక్కణ్ణించి మయోరికి తోటల మధ్యగా ఒక కాలిబాట ఉంది. దాని పేరే నిమ్మల బాట. మధ్యలో ఒక పెద్దాయన కాయలు కోస్తున్నాడు. డెబ్బయ్యేళ్ళు దాటి ఉంటాయి. నేను దిగిన ఇంటివాళ్ళ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు గనక తనే దుబాసీగా నాతో వచ్చింది. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, ఒక కాయ తుంచి, చాకుతో బిళ్ళలుగా కోసి, మీద ఇంత ఉప్పు చల్లి చేతిలో పెట్టాడు. తొక్కతో సహా తినాలట!

తిన్నాను. పై తొక్క ఘాటుగా, లోపలి తెల్లటి దూది మెత్తగా, కొంచెం తియ్యగా ఉంది. పులుపు ఉంది గాని పళ్ళు జివ్వుమనే పులుపు కాదు. మన నిమ్మకాయలో రసమే హీరో, తొక్క జూనియర్ ఆర్టిస్టు. ఇక్కడ తొక్కే హీరో. గోటితో గిల్లితే చాలు, సన్నటి నూనె తుంపర లేచి చేయంతా గుబాళించింది. సాయంత్రం సబ్బుతో కడుక్కున్నా ఆ వాసన పోలేదు.

ఆ నూనె కోసమే ఈ కథంతా. 'క్యాసినో రాయల్' (2006)లో జేమ్స్‌బాండ్ తన డ్రింకులో పల్చటి నిమ్మతొక్క ముక్క వేయమంటాడు గుర్తుందా? అది సోకు కోసం కాదు. ఆల్కహాలుకి కావలసింది రసం కాదు, ఆ తొక్కలోని నూనె.

జున్ను కాదు, జిన్ను

మన పల్లెల్లో జున్ను తెలిసినంతగా జిన్ను తెలియదు. అందుకని రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ధాన్యంతోనో మరోదాంతోనో కాచిన వాసన లేని ఆల్కహాలుకి జూనిపర్ కాయల గుణం పట్టిస్తే జిన్. మన ఆయుర్వేదంలో 'హపుష' అన్నది ఈ జూనిపరే. గోవాలో కాచే ఒక జిన్‌కు 'హపుసా' అన్న పేరు అందుకే వచ్చింది. నలిపి వాసన చూస్తే దేవదారు చెక్క, కొంచెం కర్పూరం గుర్తొస్తాయి. జిన్ అన్న పేరుతో యూరపులో అమ్మాలంటే కనీసం 37.5 శాతం ఆల్కహాలు ఉండాలి, జూనిపర్ రుచి మిగతా వాటిని మించి ఉండాలి. ఇది చట్టం. ఈ చట్టాన్ని గుర్తుంచుకోండి, క్లైమాక్సులో పనికొస్తుంది.

జూనిపర్‌కి తోడు ప్రతి కంపెనీ తన దినుసులు తను వేసుకుంటుంది. వాటిలో దాదాపు అందరూ వేసేది ఏమిటో తెలుసా? ధనియాలు! ధనియాల్లోనూ నిమ్మజాతి పరిమళం ఒకటి దాగి ఉంటుంది. వేయించని ధనియం కొరికి చూడండి, మీకే తెలుస్తుంది.

జిన్ పుట్టిల్లు హాలెండ్. అక్కడి 'జెనీవర్' ఇంగ్లండు చేరి జిన్ అయింది. మా సలెర్నోలోనే ముందు పుట్టిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. సలెర్నో వైద్యశాల పండితులు 12వ శతాబ్దంలోనే ద్రాక్షసారాను కాచి ఆవిరి పట్టే విద్య గురించి రాసిన మాట నిజం. అంతమాత్రాన దాన్ని జిన్ అనడం, మా తాత వీధిభాగవతం ఆడాడు గనక సినిమా మేమే కనిపెట్టాం అన్నట్టుంటుంది.

మధ్యధరా సముద్రానికి నిఖార్సయిన పాత జిన్ ఒకటుంది. అది స్పెయిన్ వారి మెనోర్కా దీవిలోని మావోన్ రేవుది. 18వ శతాబ్దంలో ఆ రేవు బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉండేది. నావికులు జిన్ కావాలన్నారు. దీవిలో దొరికేది ద్రాక్షసారా. దానికే జూనిపర్ కలిపి కాచారు. ఇవాళ్టికీ ఆ దీవిలో జూన్ నెల సెయింట్ జాన్ పండగకి ఆ జిన్‌లో నిమ్మ షర్బత్తు కలిపి 'పొమాదా' అని తాగుతారు. నిమ్మకీ జిన్‌కీ ఈ సముద్రపు ఒడ్డున జత కుదిరింది ఈనాడు కాదన్నమాట.

తొమ్మిది వందల కిలోమీటర్ల ఫ్లాష్‌బ్యాక్

ఇక మన సీసా దగ్గరికి వద్దాం. మాల్ఫీ జిన్ 2016లో మార్కెట్లోకి వచ్చింది. మూడేళ్ళకే, 2019లో, పెర్నో రికార్ అనే ఫ్రెంచి మహా కంపెనీ కొనేసింది. పేరులో అమాల్ఫీ ధ్వనిస్తుంది. సీసా చూస్తే సముద్రపు గాలి తగిలినట్టే ఉంటుంది. కాని కాచేది ఇక్కడ కాదు. ఉత్తరాన, టొరినో పక్కన మోంకలియేరిలో. అమాల్ఫీ నుంచి అక్కడికి రోడ్డు మీద సుమారు 900 కిలోమీటర్లు. అక్కడ సముద్రం లేదు, ఆల్ప్స్ కొండలున్నాయి. నిమ్మకాయలు కూడా ఈ తీరానివే కావు, సిసిలీవి కూడా కలుస్తాయి.

దీన్ని మోసం అనను. స్టూడియోలో సెట్టు వేసి కాశ్మీర్ చూపించినంత మాత్రాన సినిమా చెడ్డదైపోతుందా? సెట్టు బాగుందా, నటన పండిందా అన్నదే లెక్క. పైగా వాళ్ళ పద్ధతి బాగుంది. నిమ్మతొక్కలను ఆల్కహాలులో నానబెట్టి, ఆ సారాన్ని గాలి తీసేసిన పాత్రలో కాస్తారు. గాలి లేకపోతే తక్కువ వేడికే ద్రవం మరుగుతుంది. తొక్క ఉడికిన వాసన రాకుండా పచ్చిగా, తాజాగా ఉంటుంది. చారులో కొత్తిమీర దించేముందు వేయడంలో ఉన్న రహస్యమే ఇదీనూ.

ఇక రుచి చూద్దాం

మినోరిలో బాల్కనీ మీద, మధ్యాహ్నం భోజనానికి ముందు, నాలుగు గ్లాసులు పెట్టుకుని కూర్చున్నాను. ఒక గ్లాసులో మాల్ఫీ నిమ్మ జిన్, 41 శాతం. పోల్చి చూడడానికి రెండో గ్లాసులో లండన్ వారి బీఫీటర్. అందులోనూ నిమ్మతొక్క, సెవిల్ నారింజ తొక్క ఉంటాయి గనక పోలిక న్యాయమే. మూడో దాంట్లో మంచినీళ్ళు. నాలుగో దాంట్లో పెద్దాయన ఇచ్చిన కాయ తొక్క. అసలు సాక్షి అదే!

ముందు వాసన. మూత తీయగానే నిమ్మ ముఖం మీదకి వచ్చేసింది. ఎంట్రీ సీను అదిరింది! తొక్క గిల్లినప్పటి తుంపరే, కాకపోతే కొంచెం తీపి కలిసినట్టు, చిన్నప్పటి నిమ్మ బిళ్ళల డబ్బా గుర్తొచ్చేట్టు. పక్కన అసలు తొక్క వాసన చూస్తే తేడా తెలిసింది. తొక్కలో ఆకుపచ్చ వాసన ఒకటుంది, ఆకు నలిపినట్టు. సీసాలో అది సగమే చేరింది.

నీళ్ళు కలపకుండా ఒక చుక్క. నాలుక ముందు భాగాన నిమ్మ, నడుమ మెత్తదనం, కాస్త కారం. జూనిపర్ కోసం వెతికాను. ఉంది. గ్రూపు ఫోటోలో వెనక వరసలో నిలబడ్డవాడిలా ఉంది. మింగాక ఆఖర్న తొక్క చేదు సన్నగా మెరిసి, త్వరగానే తెర పడింది. బీఫీటర్‌లో దీనికి తలకిందులు. జూనిపర్ ముందు నడుస్తుంది, నిమ్మా నారింజా వెనక తాళం వేస్తాయి, రుచి గొంతులో చాలాసేపు నిలుస్తుంది.

దీనికి కారణం లేకపోలేదు. నిమ్మ పరిమళం తేలిక సరుకు. గాలిలోకి తొందరగా ఎగిరిపోతుంది. జూనిపర్, వేళ్ళు, గింజలు బరువు సరుకు. నిదానంగా వస్తాయి, నిదానంగా పోతాయి. నిమ్మ ఒక్కదాన్నే నమ్ముకుంటే బొమ్మ ఇంటర్వెల్ దాకా పరుగెడుతుంది. రెండో సగానికి ఇంకెవరో కావాలి.

తరవాత టానిక్ నీళ్ళు కలిపాను. టానిక్ చేదు క్వినైన్‌ది. మలేరియా మందు అదే. ఆ మలేరియాకి దోమతో ఉన్న ముడి 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ కంటపడింది. అంచేత ప్రపంచంలో ఎక్కడ జిన్ టానిక్ చూసినా తెలుగువాడికి ఒక చిన్న వాటా ఉన్నట్టే లెక్క! అది అలా ఉంచండి. టానిక్‌లో చేదుతో పాటు పంచదారా ఉంటుంది. నిమ్మ తీపీ, టానిక్ తీపీ కలిసి గ్లాసు కూల్‌డ్రింకు దారి పట్టింది. ఉత్త సోడా కలిపి, అసలు తొక్క ఒకటి పిండి, చిటికెడు ఉప్పు వేశాను. అప్పుడు నిలబడింది! మన గోలీసోడా బండివాడికి శతకోటి దండాలు. ఈ తీరంలో వేయించి పెట్టే చిన్న చేపలతో అది బ్రహ్మాండంగా కుదిరింది.

నా మార్కులు: వాసనకి పదికి ఎనిమిది. రుచికి ఆరున్నర. నిలకడకి అయిదు. ఇందాకటి చట్టం గుర్తు చేసుకుంటే, జూనిపర్ మించి ఉండాలన్న నియమం దగ్గర ఈ సీసా గట్టు మీద నడుస్తోందని నా నాలుక చెప్పింది. ఇది మంచి నిమ్మపానీయం. జిన్‌గా మాత్రం సగటు కన్నా ఒక మెట్టు పైన.

గోడలు ఎవరు కడతారు?

కాని నేను వెళ్ళిన పని మార్కులతో అయిపోలేదు. పెద్దాయన గారిని అడిగాను: "మీ నిమ్మకాయల పేరుతో జిన్ వస్తోంది గదా, మీరు రుచి చూశారా?" ఆయన నవ్వి, ఇంట్లో ఆడవాళ్ళు తొక్కలు నానబెట్టి చేసే లిమోన్‌చెల్లో తప్ప వేరేది ముట్టనన్నాడు. తర్వాత చేత్తో పై గోడ చూపించాడు. ఒకచోట రాళ్ళు కూలి, మట్టి కిందికి జారి ఉంది. "అది మా అన్నది. వాడి పిల్లలు మిలాన్‌లో ఉంటారు. ఎవరు కడతారు?" అన్నాడు.

ఇక్కడ ట్రాక్టరు ఎక్కదు. గాడిద ఎక్కితే గొప్ప. ఒకప్పుడు ఆడవాళ్ళే అరకింటా బరువున్న బుట్టలు భుజాన పెట్టుకుని, మెట్లన్నీ దిగి రేవుకి మోసేవారు. వాళ్ళని 'ఫోర్మికెల్లె' అనేవారు. చిన్న చీమలు అని అర్థం. పేరు ముద్దుగా ఉంది గాని ఆ మెట్లు ఒట్టి చేతులతో దిగితేనే నా మోకాళ్ళు మొరాయించాయి. అంత చాకిరీ చేసి పండించిన కాయ, సమతల నేల మీద యంత్రాలతో పండించిన కాయతో ధరలో పోటీ పడాలి. కుర్రవాళ్ళు హోటలు ఉద్యోగాలకి పోతున్నారంటే తప్పు పట్టగలమా?

తోట వదిలేస్తే పోయేది కాయ ఒక్కటే కాదు. ఆ రాతిగోడలే కొండను పట్టి ఉంచుతున్నాయి. వాననీటిని నిదానంగా దించుతున్నాయి. 1954 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన వానకి సలెర్నో, వియేత్రి, మయోరి, మినోరి ప్రాంతాల్లో వరదా బురదా కలిసి 300 మందికి పైగా ప్రాణాలు తీశాయి. 2010 సెప్టెంబరులో అట్రానీలో, మనం 'రిప్లీ'లో చూసి మురిసిపోయిన ఆ ఊరి మధ్య నుంచే, కొండవాగు బురదతో విరుచుకుపడి ఒక యువతిని సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. వానని ఎవరూ ఆపలేరు. కాని నిలబడ్డ గోడకీ కూలిన గోడకీ కింద ఊళ్ళో తేడా తెలుస్తుంది. సినిమాలో ఆ పచ్చటి మెట్లు బ్యాక్‌గ్రౌండు. ఇక్కడివాళ్ళకి ఇంటి పునాది.

అందుకే నా లెక్క ఇది. సీసా మీద బొమ్మకి నేను డబ్బివ్వను. లోపల కాయ ఏ గట్టు మీద కాసింది, ఆ గట్టు వాడికి గిట్టుబాటైందా అన్నది చూస్తాను. నిమ్మకాయ కొంటే అమాల్ఫీ ముద్ర ఉన్నది అడుగుతాను. లిమోన్‌చెల్లో కొంటే తొక్క ఎక్కడిదో సీసా వెనక చదువుతాను. జిన్ కొనేవారికీ ఇదే మనవి. ముందు వైపు బొమ్మ చూడండి, తప్పులేదు. వెనక వైపు చిన్న అక్షరాలు కూడా చదవండి. సినిమాకి పోస్టరెంతో సీసాకి లేబులంత. పోస్టరు చూసి హాల్లోకి వెళ్తాం గాని పోస్టరు చూసి సమీక్ష రాయం గదా!

తాగమని మీకు చెప్పడం నా ఉద్దేశం కాదు. తాగని వాళ్ళు పోగొట్టుకునేదీ ఏమీ లేదు. అమాల్ఫీ వెళ్ళే అదృష్టం పడితే బస్సులో సముద్రం వైపు సీటు పట్టుకోండి. మినోరిలో దిగి నిమ్మల బాట పట్టండి. ఎవరైనా ఉప్పు చల్లి ఒక నిమ్మబిళ్ళ చేతిలో పెడితే తొక్కతో సహా తినండి. దానికి నా మార్కులు పదికి పది.